మన్యం కాగితాలు ఎక్కడున్నాయి?

అల్లూరి సీతారామరాజు జిల్లా ముంచింగిపుట్టు మండలం అంచున, ఒడిశా సరిహద్దు మీద జోలాపుట్టు జలాశయం ఉంది. సుమారు 34 టీఎంసీల నీరు పట్టే ఈ జలాశయం అడుగున ఒకప్పటి ఊళ్లున్నాయి, పల్లపు పొలాలున్నాయి, శ్మశానాలున్నాయి. 1946లో మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాలు ఒప్పందం రాసుకుని మాచ్‌ఖండ్ జలవిద్యుత్ ప్రాజెక్టును తలపెట్టాయి. 1955లో కరెంటు వచ్చింది. ఆరు యూనిట్లు కలిపి 114.75 మెగావాట్లు. ఈ వివరాలన్నీ ఏ విద్యుత్ శాఖ పుస్తకంలోనైనా దొరుకుతాయి. మునిగిన ఊళ్ల పేర్లేమిటి, ఎవరి భూమి ఎంత పోయింది, ఎవరికి ఎంత ముట్టింది అని అడిగితే మాత్రం జవాబు సులువుగా దొరకదు. పెద్దల నోట ఉన్న జవాబులు పెద్దలతోనే పోతున్నాయి. కాగితం మీదున్న జవాబులు ఎప్పుడో కొండ దిగి దూరం వెళ్లిపోయాయి.

నిర్వాసితుల మీద వచ్చిన పరిశోధనల్లో ఒక లెక్క తరచూ కనిపిస్తుంది. మాచ్‌ఖండ్ వల్ల 2,938 కుటుంబాలు ఇళ్లూ పొలాలూ వదిలాయని, వాటిలో 600 కుటుంబాలకే పునరావాసం దక్కిందని. 1996లో ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో కొరాపుట్ ప్రాజెక్టుల మీద ఒక వ్యాసం వచ్చింది. ఆ తర్వాత ఈ అంకెలను ఒకరి తర్వాత ఒకరు ఉదహరిస్తూనే వచ్చారు. అంకె అవసరమే. కానీ ఆ అంకె వెనక ఊరి పేర్లున్నాయి, ఇంటిపేర్లున్నాయి, గదబ, పోర్జా, కోటియా, కోందు తెగల బతుకులున్నాయి. వాటిని చూడాలంటే వ్యాసం చాలదు. ఆనాటి అధికారి సంతకం ఉన్న దస్త్రం దాకా వెళ్లాలి.

ఆ దస్త్రం ఎక్కడుంటుంది? ఒక్కచోట ఉండదు. మన్యం చరిత్రకున్న పెద్ద చిక్కు ఇదే. ఈ కొండలను ఏలిన ప్రభుత్వం మారిన ప్రతిసారీ కాగితాల గూడు కూడా మారింది. 1839లో చేసిన 24వ చట్టం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల, మామూలు నిబంధనల పరిధి నుంచి తప్పించి ‘గవర్నర్ ఏజెంటు’ హోదాలో కలెక్టరు చేతికిచ్చింది. మనం ఈనాటికీ వాడే ‘ఏజెన్సీ’ అన్న మాట అక్కడి నుంచి వచ్చిందే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రమైనప్పుడు జేపూర్ సంస్థానంలో ఎక్కువ భాగం కొరాపుట్ జిల్లాగా అటు వెళ్లింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 1956లో రాజధాని హైదరాబాదుకు మారింది. 2014లో రాష్ట్రం మళ్లీ విడిపోయింది. 2022లో విశాఖ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా విడివడింది. అందుకే ఒక్క ఊరి కథ కోసం చెన్నై, భువనేశ్వర్, హైదరాబాద్, ఢిల్లీ, లండన్ నగరాల్లోని రికార్డు గదులన్నీ గాలించాల్సి వస్తుంది.

ఇరవై ఏళ్ల క్రితం ఈ మాట వినగానే కొండ మీది విద్యార్థి ఆశ వదులుకునేవాడు. ఇప్పుడు వదులుకోనక్కర్లేదు. ఈ రికార్డు గదుల్లో చాలావాటికి ఇంటర్నెట్‌లో కేటలాగులున్నాయి, వాటిని ఎలా వాడాలో చెప్పే మార్గదర్శికలున్నాయి. దస్త్రం మొత్తం తెరమీద కనిపించకపోయినా, అది ఏ ఊళ్లో, ఏ శాఖ కింద, ఏ సంఖ్యతో ఉందో తెలుసుకోవచ్చు. సగం పరిశోధన అక్కడే పూర్తవుతుంది. మన్యం బిడ్డలకు ఈ విద్య ఎవరూ నేర్పడం లేదు, నేర్పడానికి తెలుగులో ఒక్క మంచి మార్గదర్శిక కూడా లేదు. ఈ లోటు పూడ్చాల్సిన బాధ్యత ప్రభుత్వానిది, విశ్వవిద్యాలయాలది.

మార్గదర్శిక ఎందుకు కావాలి, పేరు కొట్టి వెతికితే దొరకదా అని చాలామంది అనుకుంటారు. దొరకదు. గూగుల్‌కు అలవాటుపడిన వేళ్లు ‘ముంచింగిపుట్టు చరిత్ర’ అని కొట్టి ఊరుకుంటాయి. రికార్డు గదిలో కాగితాలను విషయాన్ని బట్టి పేర్చరు, వాటిని పుట్టించిన కచేరీని బట్టి పేరుస్తారు. సంతలో ఏ వరసలో ఏం అమ్ముతారో తెలిసినవాళ్లు నేరుగా అక్కడికి నడిచినట్టు, ఈ పని తెలిసిన పరిశోధకుడు ముందు ‘దీని గురించి ఎవరు రాసి ఉంటారు’ అని ఆలోచిస్తాడు. భూమి శిస్తు గొడవైతే రెవెన్యూ శాఖ. తిరుగుబాటైతే జుడీషియల్, పబ్లిక్ శాఖలు. ఆనకట్టయితే పబ్లిక్ వర్క్స్. పోడు నిషేధమైతే అటవీ శాఖ. శాఖ తెలిస్తే సంవత్సరం, సంవత్సరం తెలిస్తే ఆ ఏటి సూచిక, సూచికలో జీవో సంఖ్య. మద్రాసు ప్రభుత్వపు కాగితమంతా ఈ వరసలోనే నడిచింది.

ఈ దారి చూపే పుస్తకాలు మనకు కొత్తవి కావు. చెన్నై ఎగ్మోరులో 1909లో నెలకొల్పిన మద్రాసు రికార్డు ఆఫీసు (నేటి తమిళనాడు ఆర్కైవ్స్) 1930లలోనే జిల్లాల వారీగా గైడ్లు అచ్చువేసింది. వాటిలో విశాఖపట్నం జిల్లాది ఒకటి. 1769 నుంచి 1835 దాకా ఆ జిల్లా దస్త్రాల్లో ఏ సంపుటంలో ఏముందో అది చెబుతుంది. గోదావరి, మచిలీపట్నం, గంజాం జిల్లాలకూ ఇలాంటివే వచ్చాయి. అంటే తొంభై ఏళ్ల క్రితం గుమస్తాలు చేతిరాత సంపుటాలు ఒక్కొక్కటీ తిరగేసి చేసిన ఆ పనిని, కంప్యూటర్లున్న ఈ రోజుల్లో 1835 తర్వాతి మన్యానికి మనం ఇంకా చేసుకోలేదు.

రంప తిరుగుబాటు సంగతి తీసుకుంటే మార్గదర్శిక విలువ బాగా అర్థమవుతుంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసింది. 1924 మే 7న కొయ్యూరు దగ్గర ఆయన ప్రాణం తీశారు. ఈ తేదీలు బడిపిల్లలకు కూడా తెలుసు. ఆ రెండేళ్లలో ప్రభుత్వం రాసుకున్న కాగితం మూడుచోట్ల మూడు రకాలుగా ఉంటుంది. మద్రాసు ప్రభుత్వం తన కలెక్టర్లతో, పోలీసులతో నడిపిన ఉత్తరప్రత్యుత్తరాలు చెన్నైలో. ఢిల్లీకి పంపిన పక్షపు నివేదికలు జాతీయ ఆర్కైవ్స్‌లోని హోం శాఖ పొలిటికల్ విభాగంలో. లండన్‌కు చేరిన కాగితాలు బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో, పబ్లిక్ అండ్ జుడీషియల్ శాఖ కింద. ఒకే సంఘటన గురించి కింది అధికారి రాసింది ఒకటి, పైవాళ్లకు చేరింది ఇంకొకటి. మూడూ పక్కపక్కన పెట్టి చదివితేనే ఏది దాచారో, ఏది పెంచారో బయటపడుతుంది. డేవిడ్ ఆర్నాల్డ్ 1982లో ‘సబాల్టర్న్ స్టడీస్’ తొలి సంపుటిలో గూడెం, రంప తిరుగుబాట్ల మీద రాసిన వ్యాసం 1839 నుంచి 1924 దాకా ఈ కొండల్లో అలజడి ఎలా కొనసాగిందో చూపింది. ప్రభుత్వ దస్త్రాలను ఓపికగా తవ్వకపోతే అలాంటి రచన పుట్టదు.

వెతకడంలో ఇంకో మెలకువ ఉంది. అప్పటి స్పెల్లింగు తెలియాలి. పాత కేటలాగులో ‘విశాఖపట్నం’ ఉండదు, ‘విజగపటం’ ఉంటుంది. జయపురం ‘జేపూర్’ అయింది. మాచ్‌ఖండ్ ఒక్కోచోట ‘మచ్కుండ్’, ఒక్కోచోట ‘మచ్ఛకుండ్’. పోర్జాలు ‘పొరోజా’, ‘పరజా’ అని రెండు మూడు వేషాల్లో కనిపిస్తారు. మన పత్రికల్లోనే ముంచింగిపుట్టు, ముంచంగిపుట్టు అని రెండు రకాలుగా రాస్తున్నాం, ఇక ఇంగ్లీషు గుమస్తా ఎన్ని రకాలుగా రాసి ఉంటాడో ఊహించుకోవచ్చు. ఊరి పేరుతో దొరకనిది అధికారి పేరుతో దొరకవచ్చు. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో చనిపోయిన ఇద్దరు ఇంగ్లీషు అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్. దామనపల్లి అని రాయని గుమస్తా కూడా ఆ పేర్లు రాయక మానడు. గూడెం తహసీల్దారు బాస్టియన్ మీద రోడ్డు కూలీల విషయంలో వచ్చిన ఫిర్యాదులను వెతకాలన్నా ఇదే ఉపాయం.

ఇప్పుడు జోలాపుట్టు సంగతి. ఒక డిగ్రీ విద్యార్థిని తన తాతగారి మునిగిన ఊరి కాగితం కోసం బయలుదేరిందనుకుందాం. ఎక్కడ మొదలుపెట్టాలి?

మొదట జనగణన. సెన్సస్ శాఖ డిజిటల్ లైబ్రరీలో పాత జనగణన పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి. విశాఖపట్నం జిల్లా 1951 సెన్సస్ హ్యాండ్‌బుక్‌లో ఊళ్ల జాబితా ఉంటుంది, 1961 నాటి హ్యాండ్‌బుక్‌లోనూ ఉంటుంది. మొదటి జాబితాలో ఉండి రెండో దానిలో లేని ఊళ్లను రాసుకుంటే, ఏ ఊళ్ల మీద అనుమానపడాలో తేలుతుంది. పేరు మారిన ఊరు, పక్క ఊళ్లో కలిసిన ఊరు, సరిహద్దు అవతలికి పోయిన ఊరు కూడా అందులో ఉండవచ్చు కాబట్టి ఇది చివరి మాట కాదు. ఆపైన పటాలు. అమెరికా సైన్యపు మ్యాప్ సర్వీసు 1950లలో భారతదేశమంతటికీ వేసిన 1:250,000 స్కేలు పటాలను టెక్సస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఇంటర్నెట్‌లో ఉంచింది. వాటిని ఈనాటి సర్వే ఆఫ్ ఇండియా పటాల పక్కన పెట్టుకుని నది ఒంపులనూ ఊళ్ల పేర్లనూ సరిపోల్చుకోవచ్చు.

తర్వాత గెజిట్. 1894 భూసేకరణ చట్టం కింద తీసుకునే భూమికి 4వ, 6వ సెక్షన్ల ప్రకటనలు గెజిట్‌లో రావాలి. 1953 అక్టోబరు 1కి ముందైతే ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజిట్, ఆ తర్వాత ఆంధ్ర గెజిట్, నదికి అవతలి ఊరైతే ఒరిస్సా గెజిట్. ఊరి పేరు, తాలూకా, విస్తీర్ణం ఆ ప్రకటనల్లో ఉంటాయి. ఆ తేదీ పట్టుకుంటే పబ్లిక్ వర్క్స్, రెవెన్యూ శాఖల సూచికల్లో దాని వెనకున్న జీవో వెతకవచ్చు. అప్పుడు చెన్నైకో భువనేశ్వర్‌కో వెళ్లినా చేతిలో సంఖ్య ఉంటుంది, పని సూటిగా సాగుతుంది. ఉట్టి చేతులతో వెళితే సూచికలు తిరగేయడానికే తెచ్చుకున్న డబ్బులు అయిపోతాయి. ముంచింగిపుట్టు నుంచి చెన్నై వెళ్లి బస చేయడం కూలి మీద బతికే ఇంటికి ఎంత భారమో వేరే చెప్పాలా!

వీటితోపాటు చదవాల్సిన ముద్రిత గ్రంథాలు కొన్ని ఉన్నాయి. కార్మైకేల్ 1869లో రాసిన విశాఖపట్నం జిల్లా మాన్యువల్, డబ్ల్యూ. ఫ్రాన్సిస్ 1907 నాటి గెజిటీర్, థర్‌స్టన్, రంగాచారి 1909లో ఏడు సంపుటాల్లో తెచ్చిన దక్షిణాది కులాలు, తెగల గ్రంథం, బెల్ 1945లో రాసిన కొరాపుట్ గెజిటీర్. అయ్యప్పన్ 1948లో మద్రాసు రాష్ట్రపు ఆదివాసుల స్థితిగతులపై ఇచ్చిన నివేదిక. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో, కేంద్ర సాంస్కృతిక శాఖ నడిపే ఇండియన్ కల్చర్ పోర్టల్‌లో ఇలాంటి గ్రంథాలు చాలా దొరుకుతాయి. తెలుగులో ఏమన్నారో తెలియాలంటే ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించిన పాత ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక సంచికలున్నాయి. పాత తెలుగు అచ్చును యంత్రాలు సరిగా చదవలేవు కాబట్టి తేదీ పట్టుకుని పేజీలు తిప్పుకోవాల్సిందే.

ఇదంతా చరిత్ర మీద మోజున్నవాళ్ల వ్యవహారమని కొట్టిపారేయడానికి వీల్లేదు. మన్యంలో పాత కాగితానికి నేటి బతుకుతో ముడి ఉంది.

అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. దాని కింద ఇచ్చే హక్కు పత్రాన్ని ఏజెన్సీలో ‘ఆర్వోఎఫ్ఆర్ పట్టా’ అంటారు. దరఖాస్తుకు ఏయే సాక్ష్యాలు చెల్లుతాయో నియమావళిలోని 13వ నియమం చెబుతుంది. అందులో గెజిటీర్లున్నాయి, జనగణన ఉంది, సర్వే, సెటిల్‌మెంటు నివేదికలున్నాయి, పటాలున్నాయి, అటవీ శాఖ వర్కింగ్ ప్లాన్లున్నాయి, సంస్థానాల నాటి రికార్డులున్నాయి, కోర్టు తీర్పులున్నాయి, పరిశోధనలున్నాయి. పెద్దల వాంగ్మూలం, పాత బావులు, శ్మశానాలు కూడా సాక్ష్యాలే. ఫలానా రకం కాగితమే తెమ్మని కమిటీలు పట్టుబట్టకూడదని 2012 సవరణ స్పష్టంగా చెప్పింది. గిరిజనులైతే 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉంటే చాలు. గిరిజనేతర అటవీ నివాసులు అంతకు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు అక్కడే ఉన్నట్టు చూపాలి. లెక్క 1930కి పోతుంది. సామాజిక అటవీ హక్కులకు, అంటే ఊరుమ్మడిగా వాడుకున్న అడవికి, పాత వర్కింగ్ ప్లానులో ఒక్క వాక్యం దొరికినా గ్రామసభ చేతికి అది గట్టి ఆధారం. ఏజెన్సీలో ముఠాలు (ముఠాదారుల చేతిలోని కొండ ఎస్టేట్లు) రద్దుచేసి రైత్వారీ సెటిల్‌మెంటు తెచ్చిన రెగ్యులేషన్లు 1969, 1970ల్లో గానీ రాలేదు. మైదానపు రైతు ఎప్పటి నుంచో అడంగల్ చూపుతున్నాడు. కొండ రైతు అంతకు ముందటి సాగును చూపాలంటే ఇలాంటి పరోక్ష కాగితాలే దిక్కు.

ఇంకో ఉదాహరణ మరీ విచిత్రమైనది. 1950లో రాష్ట్రపతి షెడ్యూల్డ్ ప్రాంతాలను ప్రకటించారు. మరుసటి ఏడే, 1951లో, మద్రాసు షెడ్యూల్డ్ ఏరియాస్ సెసర్ ఆర్డరు పేరుతో విశాఖ ఏజెన్సీలోని కొన్ని ఊళ్లను జాబితా నుంచి తీసేశారు. ఆ తీసేసిన పేర్లలో కృష్ణదేవిపేట ఒకటి. అల్లూరి దాడిచేసిన స్టేషన్ ఉన్న ఊరు, ఆయన సమాధి ఉన్న ఊరు షెడ్యూల్డ్ ప్రాంతంలో లేదు. ఐదో షెడ్యూలులో చేర్చండని మైదానపు అంచున ఉన్న గిరిజన గ్రామాలు ఏళ్ల తరబడి అడుగుతున్నాయి. ఆ అడిగేవాళ్లు 1936 నాటి పాక్షిక వర్జిత ప్రాంతాల ఉత్తర్వు నుంచి 1951 ఉత్తర్వు దాకా వరసగా చదివితే తమ వాదన ఎంత బలపడుతుందో! ఉత్తర్వులు అచ్చయి ఉన్నాయి. వాటి వెనక ఏ అధికారి ఏ కారణం రాశాడన్నది ఫైలులో ఉంటుంది, ఆ ఫైలును పట్టించేది సూచిక.

పక్క జిల్లా సాలూరు మండలంలోని కొటియా గ్రామాలు ఏ రాష్ట్రానివన్న వివాదమూ ఇదే చెబుతుంది. ఒడిశా 1968లో సుప్రీంకోర్టుకెక్కింది. 2006లో ఆ దావా పరిష్కారం లేకుండానే ముగిసింది. 21 గ్రామాల ప్రజలు ఇప్పటికీ రెండు రాష్ట్రాల మధ్య నలుగుతున్నారు. జమీందారీల నాటి సరిహద్దు కాగితాలను రెండు రాష్ట్రాల పరిశోధకులు కలిసి జనం ముందు పెట్టి ఉంటే రాజకీయాలకు ఇంత సందు దొరికేది కాదు.

ఈ దస్త్రాలను నమ్మాల్సింది ఎంతవరకు? కళ్లు మూసుకుని నమ్మకూడదు. రాసినవాడు పాలకుడు. కొండ మనిషి అతని కాగితంలో శిస్తు కట్టని రైతుగానో, అడవి నరికిన దోషిగానో, తిరగబడ్డ నిందితుడిగానో మాత్రమే కనిపిస్తాడు. పండగ చేసుకున్న గదబ, పిల్లకు పెళ్లి చేసిన కోందు ఆ ఫైళ్లలో ఉండరు. అయినా ఆ ఫైళ్లలోనే, కోర్టు విచారణ కాగితాల మధ్య, సాక్షుల వాంగ్మూలాలు ఉంటాయి. దుబాసీ మాటల్లోంచి, గుమస్తా ఇంగ్లీషులోంచి వడగట్టుకుని వచ్చినా, ఆనాటి కొండ మనిషి నోటి మాటకు అంత దగ్గరగా ఉన్న కాగితం వేరే లేదు. మార్గదర్శికల్లో ఆ వాంగ్మూలాలున్న సంపుటాలను విడిగా గుర్తుపెట్టి చూపాలి.

కాగితం కాని ఆధారాలు కూడా బయటి దేశాలకు చేరాయి. మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1940లలో ఈ కొండల్లో, గోదావరి కొండల్లో, ఆదిలాబాద్‌లో తిరిగాడు. గదబలు, బోండోల శిలాస్తంభ ఆచారాల మీద 1943లో వ్యాసం రాశాడు. ఆయన తీసిన ఫొటోలు, సినిమాలు లండన్‌లోని సోయస్ విశ్వవిద్యాలయం దగ్గర ఉన్నాయి, చాలావరకు ఇంటర్నెట్‌లో చూడవచ్చు. గ్రియర్సన్ నడిపిన భారతీయ భాషా సర్వే కోసం శతాబ్దం కిందట పట్టిన గ్రామఫోను రికార్డులను, మద్రాసు రాష్ట్రపు భాషలతో సహా, షికాగో విశ్వవిద్యాలయపు డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీలో వినవచ్చు. ఈ ఫొటోల్లోని ముఖాలను గుర్తుపట్టగలవాళ్లు ఎవరైనా మిగిలి ఉంటే కొండల మీదే ఉంటారు. ఆ ఫొటోలను గూడేలకు తెచ్చి, ఎవరు, ఏ ఊరు, ఏ పండగ అని అడిగి రాసుకోవడం వెంటనే జరగాల్సిన పని. లండన్ కేటలాగులో ‘గదబ స్త్రీ’ అని మాత్రమే ఉన్నచోట పేరు చేరుతుంది. కేటలాగులను చదవడం ఒక్కటే కాదు, దిద్దడం కూడా మన్యం వాళ్ల హక్కే.

ఆన్‌లైన్ మీద పూర్తిగా ఆనుకోవడంలో ప్రమాదం కూడా ఉంది. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగి కేటలాగులు నెలల తరబడి మూగబోయాయి. ప్రపంచమంతటా పరిశోధకులు చేతులు ముడుచుకుని కూర్చున్నారు. దొరికిన ప్రతి సంఖ్యనూ, ప్రతి పేజీనీ వెంటనే దింపుకుని భద్రపరచుకోవాలన్న పాఠం అప్పుడే అందరికీ తలకెక్కింది. కొత్తగా ఇంకో బెడద వచ్చింది. చాట్‌బాట్‌ను అడిగితే లేని జీవోకు కూడా సంఖ్య, తేదీ వేసి ఇస్తుంది. అది చెప్పిన సంఖ్యను అసలు కేటలాగులో సరిచూసుకోకుండా రాస్తే, ఒక గ్రామసభ దరఖాస్తు ఆ ఒక్క తప్పుతో కొట్టుకుపోవచ్చు. ఏజెన్సీలో ఈమధ్య సెల్ టవర్లు పెరిగాయి. అయినా చాలా గూడేలకు సిగ్నల్ ఇంకా నిలకడగా లేదు. పోర్టళ్లన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ఇంట్లో ఆదివాసీ ఒడియానో, కువీనో మాట్లాడి, బడిలో తెలుగు నేర్చి, ఆపైన ఇంగ్లీషు కేటలాగు ముందు కూర్చునే విద్యార్థికి ఇది మూడో భాష, నాలుగో భాష. ఆ పిల్లలకు తెలుగు మార్గదర్శిక ఎంత అవసరమో అధికారులు ఒక్కసారి ఆలోచించాలి.

చేయాల్సిన పని పెద్దదేమీ కాదు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఆర్కైవ్స్ తన దగ్గరున్న ఏజెన్సీ దస్త్రాల జాబితాను ముందుగా ఇంటర్నెట్‌లో పెట్టాలి. స్కానింగు తర్వాత సంగతి, జాబితా ముందు. తమిళనాడు, తెలంగాణ, ఒడిశా ప్రభుత్వాలతో మాట్లాడి విశాఖ, గోదావరి ఏజెన్సీల మీదున్న జీవోల నకళ్లు తెప్పించుకోవాలి. ఉమ్మడి మద్రాసు వారసత్వంలో ఆ కాగితాలు మనవి కూడా. గిరిజన సాంస్కృతిక పరిశోధనా సంస్థ, ఆంధ్ర విశ్వవిద్యాలయ చరిత్ర శాఖ, విజయనగరంలోని కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం కలిసి కూర్చుంటే, ఏ విషయం మీద ఏ కాగితం ఏ నగరంలో ఉందో, ఏ స్పెల్లింగుతో వెతకాలో చెప్పే తెలుగు పుస్తకం తయారు చేయడం కష్టం కాదు. ఐటీడీఏ లీగల్ సెల్‌లో, ప్రతి మండల గ్రంథాలయంలో దాని ప్రతి ఉండాలి. ఆర్వోఎఫ్ఆర్ దరఖాస్తులు రాసిపెట్టే యువకులకు దాని మీద శిక్షణ ఇవ్వాలి.

పాడేరు, అరకులోయ, చింతపల్లి డిగ్రీ కళాశాలల చరిత్ర అధ్యాపకులు ఈ పుస్తకం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. విద్యార్థుల ప్రాజెక్టు పనిలో ఒకే ఊరిని తీసుకుని, 1869 మాన్యువల్ నుంచి 1961 జనగణన దాకా అది ఎక్కడెక్కడ కనిపిస్తుందో వెతికించండి. పెద్దలు చెప్పిన పాత పేర్లను, వంశాలను ముందు రాయించి, ఆ పేర్లతో కేటలాగులు గాలించండి. జాతీయ ఆర్కైవ్స్ పోర్టల్ ‘అభిలేఖ్ పటల్’ 2015 నుంచి నడుస్తోంది. అందులో పేరు నమోదు చేసుకోవడానికి పైసా ఖర్చు లేదు.